కనిపెట్టే మనిషి

ప్రతి శనివారం మూడు గంటలకు మెట్ల మీద గలగలమని చప్పుడయ్యేది. తాళాలు బాగుచేసే పెద్దాయన నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి అది. ఆ చప్పుడు వినగానే తల్లి కుట్టుమిషను ఆపి, కూతురి వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టేది.

కూతురికి పదహారేళ్ళు. ఫోన్లు కొట్టేసే ముఠాతో తిరిగి దొరికిపోయింది. బాలనేరస్తుల హోమ్‌కు పంపకుండా అధికారులు ఆరు నెలల గడువిచ్చి, వారం వారం వచ్చి చూసేందుకు ఈ తాళాలాయనను పెట్టారు. ఆఖరున ఆయన రాసే రిపోర్టును బట్టి పిల్ల ఇంట్లోనా, హోమ్‌లోనా తేలుతుంది. ఆయనను మెంటర్ అనాలట. తల్లికి ఆ మాట నోరు తిరగలేదు. అధికారులిచ్చిన కాగితం మడత దగ్గర చిరిగిపోగా మిగిలిన ముక్క మాత్రం బాగా గుర్తుంది: 'ఈ బాలికను కనిపెట్టు'.

"చూశావా? నీ గుట్టు కనిపెట్టడానికే వస్తున్నాడు. నోరు విప్పావో, నీ పని అయిపోయినట్టే!"

"నాకు తెలుసులే అమ్మా."

"ఏం తెలుసే నీకు? తెలిస్తే ఇంతదాకా వచ్చేదా?"

పైగా ఆయన నేర్పేది తాళాలు విప్పడం. దొంగతనంలో దొరికిన పిల్లకు అదేం విద్య? పిల్ల ఏ తాళం ఎన్ని నిమిషాల్లో తీసిందో చిన్న పుస్తకంలో రాసుకుంటాడు కూడా. ఎర వేస్తున్నాడని తల్లి ఖాయం చేసుకుంది. మంచినీళ్ళిచ్చేటప్పుడు కూడా ఆయన చేతుల మీద నుంచి చూపు తిప్పేది కాదు.

గడువు ముగిసే వారం ఆయన కోటు జేబు చిరిగితే కుట్టిపెట్టమని ఇచ్చి, పిల్లను తన తాళాల దుకాణానికి తీసుకెళ్ళాడు. జేబులో చెయ్యి పెడితే మడిచిన రిపోర్టు తగిలింది. తల్లి తలుపు గడియ వేసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. 'పనిలో చురుకు. కాని ఆరు నెలల్లో మనసులో మాట ఒక్కటీ చెప్పలేదు. దాస్తున్నట్టుంది.' కింద ఇల్లు, హోమ్ అని రెండు గళ్ళు. రెండూ ఖాళీ.

పిల్ల నోటికి కుట్టు వేసింది తనే కదా!

సాయంత్రం వాళ్ళు రాగానే రిపోర్టు ఆయన ముందు పెట్టింది. "నేనే చెప్పొద్దన్నాను. మీరు కనిపెట్టడానికి వచ్చారని మా కాగితంలో ఉంది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కనిపెట్టు కాదమ్మా. కనిపెట్టుకొని ఉండాలని. కాపు కాయమన్నారు గాని, కూపీ లాగమనలేదు."

"ఏదైనా చూసేది మా పిల్లనే కదా!"

పిల్ల ఫక్కున నవ్వింది. మరుక్షణమే తల వంచుకుంది. "సార్, పోయిన నెల ఆ ముఠా వాళ్ళు మళ్ళీ వచ్చారు. నాకు తాళాలు వచ్చని తెలిసిందట. ఫోన్ల కొట్టు షట్టర్ తీసిపెట్టమన్నారు."

"అనుకున్నాను! ఇందుకే ఈ తాళాల గోల వద్దన్నది!" అంది తల్లి.

"ఆగమ్మా! నేను తియ్యలేదు."

ఆయన తాళంచెవులు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే, తీశానని రాస్తారనుకున్నాను."

ఆయన పెన్ను తీశాడు. తల్లి కోటును ఒళ్ళోకి లాక్కుంది. "రాసింది నేను చదివాకే కోటు."

"అట్లాగే తల్లీ," అని ఆయన రాసి, ఇల్లు అన్న గడిలో టిక్కు పెట్టి ఇచ్చాడు. ఆమె టిక్కు వైపు చూడనైనా లేదు. అక్షరం అక్షరం దాటుతూ పోయి, 'షట్టర్ తియ్యలేదు' అన్న చోట ఆగింది. ఆ 'లేదు' మీద వేలు ఆనించి, చెరిగిపోతుందేమోనని ఒకసారి రుద్ది చూసింది.

అప్పుడు సూదిలో దారం ఎక్కించింది.