పాదాల దగ్గరి మనిషి

సీతాదేవి తడిగుడ్డతో పటం అద్దం తుడుస్తోంది. ఎన్నో వందల ఏళ్ల కిందట ఎవరో రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చొత్తిన బొమ్మకు నకలది. శిలువ మీంచి దించిన ఏసు తల్లి ఒళ్లో వాలి ఉంటాడు. చుట్టూ ఏడుస్తున్న ఆడవాళ్లు. పాదాల దగ్గర ఒకామె వంగి కూర్చుంటుంది. జుట్టు కప్పేయడం వల్ల ఆమె మొహం కనిపించదు.

"ఉత్త నల్లగీతలతో ఎంత ఏడుపు పెట్టాడో చూడవే," అంటుంది లలితకుమారి. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ వేలు ఎప్పుడూ తల్లి మీదే ఆగుతుంది.

పరాయి దేశంలో, యూ టీ పేటలోని ఈ ఫ్లాట్‌లో ఆవిడకి స్నానం, మందులు, జావ అన్నీ సీతాదేవే చూస్తుంది. మొగుడు వదిలేశాక అమలాపురం నుంచి పనికి వచ్చింది. పిల్లల్లేరు. జడ వేయడమంటే ఆమెకు ప్రాణం. చెక్క దువ్వెన తలకి తగలగానే ముసలావిడ కళ్లు మూసుకుంటుంది.

ఆదివారం మాత్రం ఆ కళ్లు తలుపు మీదే ఉంటాయి. బుకిట్ పంజాంగ్ నుంచి కూతురు ఉజ్వల వస్తుంది. వారమంతా ఎత్తి దించేది సీతాదేవి, "నా బంగారం" అని పిలిపించుకునేది ఉజ్వల. అందుకే ఆదివారం సెలవైనా సీతాదేవి ఇల్లు కదలదు.

ఇవాళ ఉజ్వల వస్తూనే, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి, "సీతక్కా, నువ్వు ఆఫ్ తీసుకో లా. అమ్మకి జడ నేనేస్తా," అంది.

"మీకు రాదండీ. చిక్కు లాగేస్తారు. అమ్మగారికి నొప్పి."

"నొప్పెడితే పెట్టనీవే. నా కూతురేగా!" మంచం మీంచి నవ్వింది లలితకుమారి.

ఆ నవ్వు సీతాదేవి గుండెలో గుచ్చుకుంది. చీర మార్చుకుని వెళుతూ, పటం కింద అరలోని దువ్వెన తీసి సంచిలో వేసుకుంది.

జురాంగ్ ఈస్ట్ మాల్‌లో బెంచీ మీద కూర్చుని, ఉజ్వల గదులన్నీ వెతుకుతున్నట్టు ఊహించుకుంది. హాయిగా అనిపించింది. ఫోన్ మోగింది. ఉజ్వల. దువ్వెన కోసమేననుకుని మోగనిచ్చింది. మళ్లీ మోగింది. మళ్లీ మోగనిచ్చింది. ఆఖరికి ఎత్తితే, అవతల ఏడుపు.

సీతాదేవి వచ్చేసరికి ఉజ్వల మంచం మీద, తల్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్క ఫ్లాట్ ఫరీదా ఆంటీ ఆమె భుజం పట్టుకుంది. తల దగ్గర చోటు లేదు. సీతాదేవి ముసలావిడ పాదాల దగ్గర కూలబడి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"దువ్వెన ఎక్కడ పెట్టావక్కా?" అంది ఉజ్వల. "ఎంత వెతికానో. అమ్మ జుట్టు విప్పుకుని కూర్చుంది. 'సీతకి ఫోన్ చెయ్యి, దానికే తెలుస్తుంది' అంది. నువ్వు ఎత్తలేదు. సరేలే, అది వచ్చాకే వేయించుకుంటానంది. అంతే, ఒరిగిపోయింది."

సీతాదేవి కొంగు ఇంకా కిందికి లాక్కుంది.

సాయంత్రం లలితకుమారిని తీసుకుని అందరూ వెళ్లిపోయారు. పటం కింద అరలో చెక్క దువ్వెన మళ్లీ తన చోటుకొచ్చింది, పళ్లలో నిన్నటి తెల్ల వెంట్రుకతో.