సున్నా సెకండ్లు

కీబోర్డును బోర్లించి తట్టితే బొరుగులు రాలాయి. నిన్న సాయంత్రం ఎవడో తింటూ కూర్చున్నట్టున్నాడు. లత వాటిని అరచేత్తో ఊడ్చి బుట్టలో వేసింది. తడిగుడ్డతో ఆరు కంప్యూటర్లూ తుడిచి, కరెంటు పోకముందే రోజూ చేసే మొదటి పని చేసింది. వెబ్‌సైటును ఎంతమంది తెరిచారో లెక్క చూసింది.

మదనపల్లె బస్టాండు వెనక వీధిలో ఉన్న ఆ ఇంటర్నెట్ సెంటరులో, 2007 నాటికి, లతకు అది నాలుగో ఏడు. చదివింది ఇంటరు. టైపింగులో వేలు తప్పదు, ఎదుటివాళ్ల తప్పు చూస్తే ఊరుకోలేదు. యజమాని ప్రవీణ్ ముచ్చటపడి ఊరి పేరు మీద ఒక వెబ్‌సైటు పెట్టాడు. బస్సుల వేళలు, డాక్టర్ల చిరునామాలు, పశువుల వైద్యం. పెట్టి మరిచిపోయాడు, మోసేది మాత్రం లతే.

పశువుల పేజీకి రాసేది వెంకటరమణప్ప. కుప్పం పక్క పల్లెల్లో ముప్ఫయ్యేళ్లు పశువుల ఆస్పత్రి కాంపౌండరుగా చేసి, రిటైరయ్యాక పుంగనూరులో ఉంటున్నాడు. బుధవారం బుధవారం బస్సెక్కి వచ్చేవాడు. పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకొచ్చేవాడు. ఆ రాత, అబ్బబ్బా, కోడి గెలికినట్టుండేది! పాలజ్వరమో పొదుగువాపో తేలక లత తల పట్టుకునేది. ఆయన పక్క కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని, టైపు అయ్యేదాకా కదలకుండా కూర్చుని, ఆఖర్న ఒకటే అడిగేవాడు.

"ఎంతమంది సూసినారు పాపా?"

"రోజుకు ఇరవైనాలుగు మందిప్పా."

"అబ్బో!" అని నోరారా నవ్వేవాడు. ముందుపళ్లు రెండు లేవు. కుప్పంలో ఎద్దు తన్నినప్పుడు పోయాయట.

ఆ ఇరవైనాలుగు మీద లతకే అనుమానం వచ్చింది. లెక్క చూపే సాధనం ఏం చేస్తుంది? పేజీ తెరుచుకున్నప్పుడల్లా ఎక్కడినుంచి తెరిచారు, ఎంతసేపు ఉన్నారు అని రాసుకుంటుంది. తెరిచిన మనిషికి ఏం కావాలో దానికేం తెలుసు? పశువుల పేజీలో పుంగనూరు పొట్టి ఆవు బొమ్మ బాగుందని ప్రవీణ్ సెంటరులోని అన్ని కంప్యూటర్లకూ ఆ పేజీనే మొదటి పేజీగా పెట్టాడు. హాల్‌టికెట్టు కోసం వచ్చినవాళ్లూ రైలు టికెట్టు కోసం వచ్చినవాళ్లూ అందరూ పశువుల వైద్యం చూసినట్టే లెక్క. లత ఒకరోజు సెంటరు కంప్యూటర్లను లెక్కలోంచి తీసేసింది. మిగిలింది ఒక్కటి. వారానికొకసారి, గురువారం పొద్దున, బెంగళూరు నుంచి. చూసిన సమయం సున్నా సెకండ్లు.

ఆ తర్వాతి బుధవారం పెద్దాయన కాగితం ఇవ్వకముందే అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఒగరేప్పా. అదీ సున్నా సెకండ్లు."

ఆయన తెర వైపు చూశాడు. "తెరిసి, సదవకుండానే మూసేసినారా?"

"అట్నే సూపిస్తాండాది."

"సరే పాపా." తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. మూడు బుధవారాలు గడిచాయి. లతకు ప్రాణం హాయిగా ఉంది, నిజం చెప్పాలంటే.

ఈ గురువారం పదకొండింటికి ఒకామె చెమటలు కక్కుతూ లోపలికొచ్చింది. చౌడేపల్లె దగ్గరి పల్లె, పేరు తాయమ్మ, అక్కడి పాలకేంద్రం చూసుకుంటుంది. చేతిలో ఒక ప్రింటు కాగితం. అడుగున ఉన్న చిరునామా చూపించింది.

"ఇది మీదేనా? నాలుగు వారాలాయ, కొత్తది పెట్టలేదు యాల?"

"మీకెట్ల దొరికింది ఇది?"

"గురువారం గురువారం సౌడేపల్లెలో నెట్టు తెరిపించి, ప్రింటు తీసుకోని పోతాండా. పాలకేంద్రం గోడకు మేకు కొట్టి తగిలిస్తాను. సాయంత్రం పాలు పోసేకి అరవై మంది వస్తారు. సదువొచ్చినోళ్లు సదువుతారు, రానోళ్లకు నేను సదివి సెప్తా. మందు పోసేటప్పుడు ఆవు మూతి పైకెత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాదని రాసినారు సూడు, ఆ మాటకే మా మారెమ్మ ఆవు బతికుండాది."

లత సైటు లెక్క మళ్లీ తెరిచింది; ఆ బెంగళూరు మనిషి ఈమే. చౌడేపల్లెలో తెరిచినా, ఇంటర్నెట్ కంపెనీ లైను బెంగళూరు మీదుగా వస్తే సాధనం బెంగళూరనే చూపిస్తుంది. ఇక సమయం అంటావా, రెండో పేజీ తెరిచిన వేళలోంచి మొదటిది తీసేసి అది లెక్క కడుతుంది. ఒక్క పేజీ చూసి పోతే తీసేయడానికేమీ ఉండదు, సున్నా అని వేస్తుంది. ఆ సంగతి సాధనం సహాయం పేజీలోనే ఉంది. లత చదివింది కూడా. చదివి, పెద్దాయనకు మాత్రం చెప్పలేదు. తప్పు లెక్క గిట్టకే ఆ ఒక్కరి సంగతి చెప్పానని ఇన్నాళ్లూ తనకు తాను సర్దిచెప్పుకుంది. ఛీ, అదంతా అబద్ధం. ఆ కోడిగీతల పీడ వదలాలనే చెప్పింది.

"ఈ కాయితం నాకిస్తావా అక్కా? రాసినాయనకు సూపిస్తా."

మధ్యాహ్నమే సెలవు చెప్పి పుంగనూరు బస్సెక్కింది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. తప్పు ఒప్పుకోవాలి, కాగితం చేతిలో పెట్టాలి, వచ్చే బుధవారం తప్పకుండా రమ్మనాలి.

అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. వెంకటరమణప్ప భార్య మునిరత్నమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. పేరు చెప్పగానే ముఖం విప్పారింది.

"లత అంటే నువ్వేనా? నా కోడిగీతల్ని ముత్యాలు సేస్తాదని ఆయప్ప ఒగటే సెప్తాండె. కూసోమ్మా."

"అప్ప యాడమ్మా?"

"పదకొండు దినాలాయ పోయి. నిద్దర్లోనే."

లత బయటికి తీసిన కాగితాన్ని మళ్లీ మడిచింది. మునిరత్నమ్మే అందుకుంది.

"ఆఖర్న రాసింది ఒగటి ఉండె. ఇచ్చిరాపో అంటే, 'ఎవురూ సదవరంట, ఆ పాపకు యాల కష్టం' అన్నె. సొక్కా జేబులోనే పెట్టుకోని తిరుగుతాండె. ఆ సొక్కాతోనే సాగనంపితిమి, కాయితం దాంతో పాటే పోయింది."

"తప్పు నాదమ్మా. నేను తప్పు సెప్పినా. అరవై మంది సదువుతాండారు." లత ఏడుపు ఆపుకోలేకపోయింది.

మునిరత్నమ్మ ఇంకో రెండు పిక్కలు తీసి పక్కన పడేసింది.

"నాకెందుకు సెప్తావు," అంది లోపలి మంచం వైపు చూపిస్తూ. "ఆయప్పకు సెప్పు."

లోపల ఆయన పడుకున్న నులకమంచం ఖాళీగా ఉంది. దాని మీద ఆయన పశువులకు మందు పోసిన వెదురుగొట్టం ఒక్కటే ఉంది. లత కాగితాన్ని మంచం మీద పరిచి, ఎగిరిపోకుండా ఆ గొట్టాన్నే దాని మీద పెట్టి, వెళ్లొస్తానని కూడా అనకుండా బయటికి నడిచింది. లోపల కాగితానికి నెత్తిన మేకు చిల్లి, అంచుల్లో పేడచేతుల ముద్రలు, అక్షరాల మీద ఎండిపోయిన పాలచుక్కలు. ఆ కాగితం మూల ఒకటి ఫ్యాను గాలికి ఆడుతూనే ఉంది.