ఒకేసారి తెరవకూడని రెండు తలుపులు

ఒంటిగంట దాటింది. ఉదయమంతా మంచం మీద అటూ ఇటూ దొర్లిన నా భర్త తిరుపతి ఇప్పుడే నిద్రపోయాడు.

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. ఈ వారం నైట్ షిఫ్ట్. తెల్లవారుజామున లోడుతో పైకి వస్తూ స్టీరింగ్ మీదే కునికాడట. ముందు చక్రం దారి అంచున పోసిన మట్టికట్టకు గుద్దుకుని బండి ఆగింది. కట్ట అవతల లోయ. ఈ మాట నాకొక్కదానికే చెప్పాడు. సెలవులు అయిపోయాయి. ఈ రాత్రి మళ్ళీ బండెక్కాలి.

మూడు రోజులుగా మణుగూరులోని మా కాలనీ వరుసకు రెండున్నరకల్లా కరెంట్ పోతోంది. ఏడు క్వార్టర్లకు ఒకటే లైను. ఏసీలన్నీ ఒకేసారి కరెంట్ లాగితే స్తంభం మీద ఫ్యూజు కాలిపోతుంది. లైన్‌మన్ వచ్చేసరికి సాయంత్రం. మా కూలర్ ఆగిన పది నిమిషాలకు తిరుపతి చెమటతో లేచి కూర్చుంటాడు.

మిగతా ఇళ్ళ ఏసీలు ఆగి ఆగి నడుస్తున్నాయి. పక్కింటి సునంద వాళ్ళది మాత్రం ఒక్క నిమిషం ఆగదు. రెండు రోజులు విని చూశాను.

వెళ్ళాను. సునంద మామ ఎల్లస్వామి కాక, ముప్పై ఏళ్ళు అండర్‌గ్రౌండ్‌లో చేసి రిటైరైన మనిషి, ఏసీ గదిలో మంచం మీద ఉన్నాడు. హాల్లో టీవీ కనబడాలని గది తలుపు బార్లా తెరిచాడు. దానికి ఎదురుగా వంటింటి తలుపూ తెరిచే ఉంది. ఏసీ మీద పద్దెనిమిది.

"కాకా, ఇరవై ఆరు పెట్టి ఫ్యాన్ వేసుకోరాదు? లైన్ మీద బరువు తగ్గుతది."

"పద్దెనిమిదైతే జల్దీ సల్లబడ్తది బిడ్డా."

"ఎంత పెట్టినా సల్లబడేది ఒక్క తీరే కాకా. పద్దెనిమిదికి చేరదు, మిషన్ ఆగదు."

"కూలర్ ఉన్నోళ్ళు ఏసీ సంగతి చెప్పబట్టిరి!" అని నవ్వాడు.

"మా మామతోని అయితదా అక్కా?" అంది సునంద పప్పు కలుపుతూ.

రెండు కావడానికి పది నిమిషాలుంది. తిరుపతి సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది. మింగేశాను.

"కాకా, గనిలో ఒకదాని ఎన్క ఒకటుండే గాలి తలుపులు రెండూ ఒక్కసారే తెరిస్తే ఏమైతది?"

ఆయన లేచి కూర్చున్నాడు. "ఎవడన్న తెరుస్తడా? గాలి దారి తప్పుతది. లోపల పని చేసేటోళ్ళకు అందది. గట్ల తెరిచినోని చెంప పగలగొట్టిన ఒకసారి."

నేను గది తలుపు వైపు చూశాను. తర్వాత స్టవ్ మీద ఉడుకుతున్న పప్పు వైపు. ఆయనా చూశాడు.

"సునందా, ఆ తలుపెయ్యి."

"మరి టీవీ మామా?"

"చెవులతోని వింట తియ్యి."

రిమోట్ నా చేతికిచ్చాడు. ఇరవై ఆరు పెట్టి, ఫ్యాన్ వేసి, పడమటి కిటికీకి దుప్పటి కట్టి వచ్చాను.

రెండున్నరకు మా గడపలో నిలబడ్డాను. వోల్టేజి పడి కూలర్ శబ్దం సన్నబడింది. ఫ్యాను రెక్కలు విడివిడిగా కనబడుతున్నాయి. తిరుపతి పక్కకు ఒత్తిగిలాడు.

గోడ అవతల టక్కుమంది. సునంద వాళ్ళ మిషన్ ఆగింది. కూలర్ మళ్ళీ ఊపందుకుంది.

నాలుగు దాటేదాకా ఆ గడప దాటలేదు.

ఆరింటికి తిరుపతి లేచాడు. "కరెంట్ పోలేదా?"

"పోలే."

"లైన్‌మన్ మంచిగ చేసినట్టుండు."

"అవ్," అన్నాను. ముఖం కడుక్కుని వచ్చాక అతని కళ్ళలోకి చూశాను. ఎరుపు లేదు. డబ్బాలో అన్నం పెట్టి మూత బిగించాను.

బయట ఎల్లస్వామి కాక నాలుగో ఇంటి ముందు కేకలేస్తున్నాడు.

"ఏందిరా కోటేష్, తలుపులు బార్లా పెట్టి ఏసీ ఏసినవ్? గనిలోనైతే నీ చెంప పగులుతుండె!"