సాక్ష్యం చెప్పిన కాలు

ప్రతి ఆదివారం చర్చికి పోయే ముందు నేను నారాయణస్వామి అంగడికి పోతాను. బియ్యమో బ్యాళ్లో కొనడానికి కాదు, నా ఊతకర్ర ఆయన దగ్గర దాచిపెట్టడానికి. పుంగనూరులో మా చర్చి ఉన్న వీధి మొదట్లోనే ఆయన చిల్లరంగడి. బియ్యం మూటల వెనక నా కర్రకి ఒక మూల ఉంది. ఆయన నామం దిద్దుకుని, పటానికి అగరొత్తి తిప్పి, ఆ చేత్తోనే నా కర్ర అందుకుంటాడు.

"ఏమ్మా కీర్తీ, మీ దేవునికి కర్రంటే అంత భయమా?" అంటాడు.

"దేవునికి కాదు మామా, మా సంఘానికి" అంటాను.

ఇద్దరం నవ్వుకుంటాం. తర్వాత అమ్మ భుజం పట్టుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ వీధి చివరిదాకా నడుస్తాను. అప్పుడు మాత్రం నవ్వు రాదు.

నా తుంటి కీలు పుట్టినప్పుడే జారి ఉందట. నడక నేర్చే వయసులో కుంటడం చూసేదాకా ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి ఆలస్యమైపోయింది, ఎడమ కాలు పొట్టిదైపోయింది. దానితో నాకు పెద్ద తగాదా ఏమీ లేదు. చేతిలో కర్ర ఉంటే మదనపల్లె దగ్గర అంగళ్లు అనే ఊళ్లో మా ఇంజనీరింగ్ కాలేజీ మెట్లన్నీ ఎక్కుతాను, బస్సులో సీటు కోసం ఎవరితోనైనా గొడవకి దిగుతాను. కర్ర లేకపోయినా కొన్ని అడుగులు వేయగలను. చిన్నప్పటినుంచీ వేయగలను. ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నేను ఇంటర్ చదివేటప్పుడు మదనపల్లెలో స్వస్థత కూటాలు పెట్టారు. ఎక్కడినుంచో పేరున్న ప్రసంగీకుడు వచ్చాడు. అమ్మ ఉపవాసం ఉండి మరీ నన్ను తీసుకుపోయింది. ఆయన నన్ను వేదిక మీదికి పిలిచి, కర్ర లాక్కుని తలమీదికెత్తి, "నడువు!" అని అరిచాడు. మైదానం నిండా జనం. కింద మా అమ్మ చేతులు జోడించి ఏడుస్తోంది. నడిచాను. నడవగలను కదా మరి, నడిచాను. జనం హోరెత్తిపోయారు. అమ్మ వేదికెక్కి మైకు అందుకుని, దేవుడు తన బిడ్డ కాలు బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. నా కర్రని వేదిక వెనక మేకుకి, ఇంకెవరివో కర్రల పక్కన తగిలించారు. మళ్లీ నా చేతికి రాలేదు. నేను కిందికి దిగి చివరి మెట్టు మీద కూలబడిపోయాను. అది మాత్రం ఎవరి ఫోన్లోనూ పడలేదు.

మా సంఘంలో సాక్ష్యం ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకునే ఆచారం లేదు. జ్వరం పోయిందని మైకులో చెప్పినవాడికి మళ్లీ ఒళ్లు కాలితే అది జ్వరం కాదు, అవిశ్వాసం. మా సంఘ పెద్ద ఆదెమ్మవ్వ కళ్లు బాగయ్యాయని సాక్ష్యం చెప్పి, ఆనాటినుంచి కళ్లద్దాలు మానేసింది. ఒక ఆదివారం బైబిలు తలకిందులుగా పట్టుకుని కీర్తన చదివింది. నోటికొచ్చు కాబట్టి ఒక్క మాట తప్పు పోలేదు. మేమంతా ఆమెన్ అన్నాం.

నా కాలు పుణ్యమా అని మా అమ్మ నవనీత 'సాక్ష్యం నవనీతమ్మ' అయింది. పెళ్లిళ్లకీ పురుళ్లకీ ఆమెనే ప్రార్థనకి పిలుస్తారు. ఆ గౌరవం ఆమెకి ఎందుకంత తీపో నాకు తెలుసు. ఆమెది బైరెడ్డిపల్లె దగ్గర మంచి రైతు కుటుంబం. నాన్నని చేసుకుని, ప్రభువుని నమ్ముకున్నాక పుట్టింటివాళ్లు ఒక్క శుభకార్యానికీ పిలవలేదు. అక్కడ పోయిన పేరు ఇక్కడ దొరికింది. ఇంతా చేసి ఆ పేరు నిలబడింది నా కుంటికాలి మీద.

నాన్న దేవేంద్ర శాంతిపురం దగ్గర గ్రానైట్ బండలు పాలిష్ చేసే పనికి పోతాడు. కూటాలయిన వారమే కుప్పంలో కొత్త కర్ర కొనుక్కొచ్చి నా మంచానికి ఆనించి పెట్టాడు. ఆ కర్ర కాలేజీకి వస్తుంది, అంగడికి వస్తుంది, ఆసుపత్రికి వస్తుంది. దేవుడి ఇంటికి మాత్రం రాకూడదు.

ఈ ఏడాది తుంటి నొప్పి ఎక్కువైంది. మదనపల్లెలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, కర్ర లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దని చెప్పాడు. ఇట్లాగే బరువు మోపుతూ పోతే కీలు పూర్తిగా అరిగిపోతుందని, ఈ వయసులో ఆపరేషన్ తెచ్చుకోవద్దని అమ్మ ముందే చెప్పాడు. అమ్మ అన్నిటికీ తలూపింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చెవి దగ్గరికి వంగి, "చర్చిలో రొవ్వంతసేపే కదమ్మా, ఓర్చుకోరాదా" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఓర్చుకోవాల్సింది ఎవరి కోసం? దేవుడి కోసమైతే ఆయన అడగాలి. ఆయన అడిగిన గుర్తు నాకు లేదు.

ఆ వారంలోనే మా పాస్టరు గిరిబాబు అయ్యగారు ఇంటికొచ్చారు. సంఘ వార్షికోత్సవం దగ్గర పడింది. అమ్మ సాక్ష్యం చెబుతుంటే నేను కర్ర లేకుండా వేదిక ఎక్కాలట. కర్ర లేని నా ఫోటోతో ఫ్లెక్సీ కూడా వేయించబోతున్నారట.

"నేను ఎక్కను అయ్యగారూ. నొప్పి" అన్నాను.

ఆయన మెత్తగా నవ్వారు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు, అదే నాకు మరీ కోపం తెప్పిస్తుంది. "నొప్పి మళ్లీ వస్తాండాదంటే, విశ్వాసం జారిపోతాండాదని అర్థం తల్లీ."

"జారింది తుంటి కీలు అయ్యగారూ. ఫిల్ము ఉండాది, సూస్తారా?"

అమ్మ నా తొడ గిల్లి, "గమ్మునుండు" అంది. ఆయన ప్రార్థన చేసి, కాఫీ తాగి పోయారు.

మరుసటి ఆదివారం నెలలో మొదటిది, ప్రభువు బల్ల ఉండే ఆదివారం, అంటే ప్రభువు శరీరానికి గుర్తుగా రొట్టె విరిచి అందరికీ పంచే రోజు. నారాయణస్వామి అలవాటుగా చేయి చాపాడు. నేను కర్ర ఇవ్వలేదు.

"ఈ పొద్దు లోపలికి తీసుకొని పోతాండా మామా."

ఆయన నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. "మంచిదేనమ్మా. నాకూ ఇంకో మూటకి సోటు దొరికె" అని చేయి వెనక్కి తీసుకున్నాడు.

వీధిలో నాలుగడుగులు పోయాక అమ్మ ఆగిపోయింది. కొంగు తల మీదికి లాక్కుంటూ, "నన్ను అందరి ముందర అబద్ధీకురాల్ని చేస్తావా కీర్తీ?" అంది.

"లేకుంటే నా కాలు పోగొట్టుకొనేదా? నువ్వే సెప్పుమా."

ఆమె నన్ను వదిలేసి ముందుకి నడిచిపోయింది. నేను కర్ర మీద వెనకాల పోయాను. చర్చి మెట్లు ఎత్తుగా ఉంటాయి, పట్టుకోవడానికి పక్కన కమ్మీ కూడా లేదు. ఎక్కేసరికి వాకిట్లో ఆదెమ్మవ్వ అడ్డం నిలబడి ఉంది.

"ఆ కర్ర బయట పెట్టి రామ్మా. కొత్తోళ్లు వచ్చిండారు. సూస్తే దేవుని నామానికి మచ్చ."

"నా కర్ర నీకు కనపడిందా అవ్వా?" అన్నాను.

ఆదెమ్మవ్వ పక్కకి జరిగింది. మంచిదే చేసింది, లేకపోతే ఇంకా అనేదాన్ని.

లోపల గ్రానైట్ గచ్చు. కర్ర మోపిన ప్రతిసారీ టక్కుమంది. తలలన్నీ తిరిగాయి. అమ్మ మొదటి వరసలో తన చోట కూర్చుంది. నేను పోయి ఆమె వెనకే కుర్చీ వేసుకున్నాను. పాటలయ్యాయి. సాక్ష్యాలున్నవాళ్లు లేవండి అన్నారు అయ్యగారు. ఆ సమయంలో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, అది మా సంఘంలో అందరికీ ఉన్న హక్కు. లేచాను.

"అందరికీ వందనాలు. నా కాలు గురించి మా అమ్మ సెప్పింది, అయ్యగారు సెప్పినారు. కాలు నాది కాబట్టి నేను కూడా సెప్తాను. నా కాలు బాగు కాలేదు."

చంటిపిల్లలు తప్ప ఎవరూ కదల్లేదు.

"ఇంటి కప్పు విప్పి, పక్షవాతమొచ్చిన మనిషిని మంచంతో సహా కిందికి దించిన నలుగురి కథ మీకందరికీ తెలుసు. ప్రభువు వాళ్ల విశ్వాసం సూసినాడు. మంచంలో పడుండేవాన్ని నీ విశ్వాసం ఎంతని అడగలా. ముందు లేసి నడువు, అప్పుడు సూస్తామనలా. వాడు లేయలేక పడుండంగానే 'కుమారుడా' అని పిలిసినాడు. మీరు మటుకు నేను నడిస్తేనే బిడ్డనంటాండారు."

"కూర్చోమ్మా" అన్నారు అయ్యగారు. "కడాకి ఆ మనిషి లేసి నడిచినాడు కదా. అది మర్చిపోతే ఎట్ల?"

"నడిచినాడు అయ్యగారూ. నడవకపోయింటే? 'కుమారుడా' అన్న మాట ప్రభువు వెనక్కి తీసుకొనుంటాడా?"

తుంటి సలుపుతోంది, అయినా కూర్చోబుద్ధి కాలేదు. ఇన్నాళ్లు మింగిందంతా అప్పుడే పైకి రావాలని ఉంది.

"సావునుంచి లేసిన ప్రభువు చేతుల్లో మేకుల గాయాలు అట్లనే ఉండె. నమ్మనన్న శిష్యుడు తోమాని పిలిసి మరీ సూపించినాడు. ఆయనే దాచిపెట్టుకోకపోతే, నేను నా కర్రని బియ్యం మూటల ఎనక యాల దాయాల? ఆ నలుగురు స్నేహితుని కోసరం పరాయి ఇంటి కప్పే పీకినారు. మీరు మెట్ల పక్కన ఒక బండ ఏటవాలుగా వేయలేకపోయినారు. ఈడ విశ్వాసం తక్కువైంది ఎవరికప్పా?"

వెనక మగవాళ్లలో ఎవరో నవ్వి, దాన్ని దగ్గు చేసుకున్నారు. అయ్యగారి ముఖం ఎర్రబడింది. మైకు తీసుకుని దిగి వచ్చి అమ్మ చేతిలో పెట్టారు.

"నవనీతమ్మా, నీ బిడ్డకి నువ్వే బుద్ధి సెప్పు. ఆ పొద్దు జరిగిందేందో సంఘానికి ఇంకోసారి సెప్పు."

అమ్మ లేచింది. ఆ సాక్ష్యం ఆమెకి కంఠతా. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఏడవాలో అన్నీ తెలుసు. నేను కర్ర గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆమె అదే చెబితే ఇక ఈ చర్చిలో నాకు చోటు లేదు. ఇంట్లో ఎట్లా ఉంటానో కూడా నాకు తెలియదు.

"దినామూ పడుకొనే ముందర దీని తుంటికి నూనె రాస్తాండా" అంది అమ్మ. "నా చెయ్యి తగలంగానే పండ్లు కొరుక్కుంటాది. నాకు తెలీదా బాగు కాలేదని? తెలుసు. తెలిసే ఈ మైకు పట్టుకొంటి. మా పుట్టింటోళ్లు నన్ను గడప తొక్కనియ్యలా. ఈడ మీరు నన్ను నవనీతమ్మా అని పిలిసి ముందర కూర్చోబెట్టినారు. నా బిడ్డ కాలు కంటే ఆ కూర్చునే సోటే నాకు ముద్దయిపోయ. దేవుడు అబద్ధం ఆడలేదు. నేను ఆడినాను."

మైకు గచ్చు మీద పెట్టి కూర్చుంది. ఏడవలేదు. మా అమ్మ మైకులో ఏడవకుండా మాట్లాడటం అదే మొదలు.

అయ్యగారు వంగి గచ్చు మీది మైకు తీసుకున్నారు. ఆ తర్వాత మళ్లీ ఆ మెత్తటి గొంతుతోనే తీర్పు చెప్పారు. సంఘం ముందు అబద్ధ సాక్ష్యం ఒప్పుకుంది కాబట్టి నవనీతమ్మ ఈసారి ప్రభువు బల్లలో చేయి పెట్టకూడదు. పశ్చాత్తాపపడి, సంఘ పెద్దలు సరేనన్నాకే మళ్లీ రొట్టె. మా దగ్గర తప్పు చేసినవాళ్లకి వేసే శిక్ష అదే. బల్ల ఆగిపోయిన వాళ్లు తల వంచుకుని కూర్చుంటారు, పళ్లెం వాళ్లని దాటుకుని పోతుంది. నేను నోరు తెరవబోయాను. అమ్మ వెనక్కి తిరగకుండానే చేయి వెనక్కి చాపి నా మణికట్టు పట్టుకుంది.

రొట్టె విరిచారు. ఆడవాళ్ల వరసలో అయ్యగారే పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి దోసిట్లో ముక్క పెడుతూ వచ్చారు. అమ్మ పక్కనున్న ఆదెమ్మవ్వకి పెట్టారు. అమ్మని దాటి అడుగు ముందుకి వేశారు.

"అయ్యగారూ" అంది అమ్మ.

"సెప్పినాను కదమ్మా. నీకు ఈసారి లేదు."

"వింటి. అబద్ధం సెప్పినన్నాళ్లు ప్రతి నెలా పిలిసి పెట్టినారు. నిజం సెప్పిన పొద్దు లేదంటాండారా?"

ఆయన పళ్లెం రెండో చేతిలోకి మార్చుకున్నారు.

"పాపుల కోసరమని ఇప్పుడే కదా ఇరిసినారు. ఈ పొద్దు నాకంటే ఆకలిగొన్న పాపి ఈడ ఎవురుండారు, సూపించండి."

అమ్మ లేచి నిలబడింది. దోసిలి పట్టలేదు. పళ్లెంలోంచి తానే ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుని, సంఘమంతా చూస్తుండగా నమిలింది. అయ్యగారు పళ్లెం వెనక్కి లాక్కోలేదు.