రిలీవర్ రాలేదు

పోలరాజు చొక్కా చెయ్యి పైకి మడిచి, దండకి పట్టీ చుట్టించుకుని కూర్చున్నాడు. గమ్హరియాలో ఇనుము కరిగించే ఆ రేకుల షెడ్డులో క్రేన్ ఎక్కేవాళ్లకి నెలకోసారి ఈ బీపీ పరీక్ష తప్పదు. పొట్టి మెడ, నిచ్చెన ఇనుముకి కాయలు కాసిన అరచేతులు. ఊపిరి బిగబట్టాడు. అలా చేస్తే అంకె తగ్గుతుందని అతని నమ్మకం.

"ఊపిరొదులు బాబాయ్," అంది నర్సు కల్యాణి. "పైది నూట డెబ్భై. కిందిది నూట పది."

"కిందిదేటి చేత్తాదమ్మా? పెద్దది పైదే కదా!"

"కిందిదీ భయమే. గుండె ఓపాలి బిగుసుకుంతాది, ఓపాలి వదులై రక్తం నింపుకుంతాది. అదే దాని రెస్టు. ఆ రెస్టులో కూడా నీ నరాల్లో ఒత్తిడి దిగట్లేదు. ఇలాగే ఉంటే గుండె బిర్రబిగిసిపోయి, వదులవడమే మర్చిపోద్ది."

"అంటే డ్యూటీ దింపే రిలీవర్ నా గుండెకి రానేదు!" పోలరాజు నవ్వాడు.

ఎత్తు మీద పనికి పనికిరాడని ఆమె రాస్తుంటే ఆ నవ్వు పోయింది. మొన్న ఇలాగే క్రేన్ నుంచి దించేసిన తోటి ఆపరేటర్ దేముడు ఇప్పుడు జుగ్సలాయి గోదాముల్లో బస్తాలు మోస్తున్నాడు.

"కొంచెం తగ్గించి రాయమ్మా. నీకు దండవెడతాను."

కల్యాణి తల దించుకుంది. అంకె మాత్రం దించలేదు.

సూపర్‌వైజర్ మోహిత్ కూడా తెలుగువాళ్ల కుర్రాడే. కాగితం చూసి జేబులో పెట్టుకున్నాడు. "ఆజ్ చలా దో చాచా. దూస్‌రా ఆద్మీ నహీఁ హై. కల్ దేఖేంగే."

ఈరోజుకి నడిపెయ్యాలట. రేపు చూస్తారట. రేపు తీసెయ్యడానికి పనికొచ్చే కాగితం ఈరోజు ఆపడానికి పనికిరాలేదు.

పోలరాజు క్రేన్ ఎక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు? కొలిమి వేడంతా పైకప్పు కిందే పోగుపడుతుంది. కింద చేతులు ఊపినవైపల్లా కొక్కెం దించాడు, ఎత్తాడు. షిఫ్టు అయిపోయింది.

"దిగిపోనా?" పైనుంచి అరిచాడు.

"రిలీవర్ నహీఁ ఆయా!" రాలేదని కిందనుంచి మోహిత్ కేక.

రిలీవర్ రాందే కుర్చీ వదలకూడదు. తిండికని దిగి మళ్లీ ఎక్కే ఓపికా లేక, పోలరాజు తాడు చివర మణికట్టుకి చుట్టుకుని రెండో కొస కిందికి వదిలాడు. తోటి పనివాడు ఆదిబాబు దానికి టిఫిన్ సంచి కట్టాడు.

"లాగు మావా! సన్నేసమ్మత్త ఎండుచేపల పులుసెట్టింది. లేటైతే నేనే తినెత్తాను!"

సంచి సగం దాకా లేచింది. ఆగింది.

"ఏటి మావా, నిద్దరోయావా?"

ఆదిబాబు నిచ్చెన ఎక్కి చూసేసరికి పోలరాజు కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నాడు.

నలుగురూ కలిసి అతన్ని మోకులతో కిందికి దించారు. కల్యాణి వంగి, మణికట్టు పట్టుకుని చాలాసేపు నాడి వెతికింది. దొరకలేదు. మోహిత్ జేబులోంచి కాగితం తీశాడు. ఈసారి అతని నోట తెలుగే వచ్చింది. "పనికిరాడని పొద్దున్నే రాసున్నాది కదా."

మణికట్టు నుంచి విప్పిన తాడుని ఎవరో పైన కమ్మీకి ముడేసి వదిలేశారు. షెడ్డు నడుమ, పైకి చేరక, కిందికి దిగక, టిఫిన్ సంచి వేలాడుతూ ఉంది.