చెయ్యి రాసిన నంబరు

కాలరు ఎప్పుడూ కొసల నుంచి మధ్యకి తోయాలి. మధ్య నుంచి కొసలకి తోశామా, ముడత పోయి మూలన కూర్చుంటుంది, అలిగిన ఆడపడుచులాగా. పదిహేనేళ్లలో ఈ కొట్లో నేను ఇస్త్రీ చేసిన బట్టల్ని వరసగా పరిస్తే సముద్రం దాకా పోయి, తిరిగి రావడానికి కూడా సరిపోతాయి. అలాంటిదాన్ని ఈ పొద్దున ఒకే కాలరు మూడుసార్లు తోశాను. నా కళ్లు కాలరు మీద లేవు. బల్ల చివర బోర్లా పడుకున్న మా ఆయన ఫోన్ మీద ఉన్నాయి.

అది మోగుతుంది. ఇవాళే మోగుతుంది. మోగితే నా పని అయిపోతుంది.

మా అమ్మ హాస్టల్లో వంట చేసి కట్టుకున్న రెండు గదుల ఇల్లు నా పేర రాసి పోయింది. కొట్టు పెద్దది చెయ్యాలి, ఆ ఇల్లు వాళ్ల అన్నయ్య పేరుకి మార్చమంటున్నారు మా ఆయన. శుక్రవారం సంతకం. "కాగితం ఒకసారి చదువుతానండీ" అన్నాను, అంతే. ఆయన అరవలేదు. అరిస్తే భయం ఉండేది కాదు, అరుపులకి చెవులు ఎప్పుడో కాయలు కాశాయి. నెమ్మదిగా అన్నారు: "చదవడం వచ్చినదానివి, నడవడమూ వచ్చే ఉంటుంది. నడువు. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది." పక్కనే కూర్చున్న అత్తయ్య, "ఇంటి మనిషివి, పరాయిదానిలా కాగితాలు చదవడమేంటే?" అని బుగ్గలు నొక్కుకుంది.

ఆ వారమే ఇస్త్రీకొచ్చిన ఒక నల్లకోటు జేబులో మడత పెట్టిన కరపత్రం దొరికింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇల్లూ ఆస్తీ కుటుంబ తగాదాల్లో ఉచితంగా లాయరుని ఇస్తారట. నిన్న ఆ కోటు ఇచ్చొస్తానన్న వంకతో కరపత్రంలో ఉన్న ఆఫీసుకి వెళ్లాను. మెట్ల కింద చిన్న గది, మూడు కుర్చీలు, అందులో ఒకటి కుంటిది. కళ్లద్దాల ఆవిడ ఫారం ముందు పెట్టి, "మీ సంపాదన ఎంతమ్మా?" అంది.

"రోజుకి ఎనభై చొక్కాలండీ."

"చొక్కాలు కాదమ్మా, జీతం."

"సొంత కొట్టు కదండీ, జీతమెందుకంటారు మావాళ్లు."

ఆవిడ అద్దాల పైనుంచి నన్ను చూసింది. "అయితే సున్నా వెయ్యండి. ఆ సున్నా చూసే మీకు లాయరుని ఇస్తారు."

వేశాను. పదిహేనేళ్ల చాకిరీ అంత గుండ్రంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాతి గడిలో ఫోన్ నంబరు. నాకు ఫోన్ లేదు. గ్యాసుకీ, బ్యాంకుకీ, పిల్ల బడికీ, నా కాన్పుకి ఆస్పత్రిలో కూడా రాసింది ఒకే నంబరు, మా ఆయనది. పెన్ను ఆగలేదు, చెయ్యి తనంతట తనే పది అంకెలూ రాసేసింది. "ఈ నంబరుకి చేస్తే ఇబ్బందేం లేదుగా?" అని ఆవిడ అడిగింది కూడా. తల ఊపాను. తల ఊపడం కూడా అలాంటి అలవాటే నాకు. "లాయరుతో మాట్లాడి రేపు ఫోన్ చేస్తాం. ఈలోపు దేని మీదా సంతకం పెట్టకండి" అంది.

బస్సు రెండు స్టాపులు దాటాక తెలిసొచ్చింది, ఎవరి నంబరు రాశానో. దిగి పరిగెత్తాను. మెట్ల కింది గదికి తాళం వేసి ఉంది.

ఇవాళ మళ్లీ వెళ్దామంటే గడపలో అత్తయ్య. ఆవిడ చెవులు ఎంత గొప్పవంటే పక్క వీధిలో చీమ తుమ్మితే ఇక్కడ నుంచి చిరంజీవ అంటుంది. ఫోన్ తీసి గొంతు నొక్కేద్దామా, నీళ్ల బకెట్లో పడేద్దామా అని నూటొక్క ఆలోచనలు. చెయ్యి చాచబోతే, "దానితో నీకేం పని?" అంది, తల ఎత్తకుండానే.

మొదటిసారి మోగింది. ఇస్త్రీ పెట్టె నా వేలికి తగిలింది, మంట కూడా తెలియలేదు. ఎవరో, తన పంచె ఇస్త్రీ అయిందా అని. రెండోసారి బావగారు, శుక్రవారం ఎన్నింటికి బయల్దేరాలని. మూడోసారి మోగినప్పుడు ఆయన విని, కనుబొమలు ముడేసి, నా వైపు తిరిగారు.

"ఎవరో ఆడమనిషి. నువ్వు కావాలట. నీకు ఫోన్ చేసేవాళ్లెవరే?"

స్పీకరు నొక్కి, నేను తోస్తున్న చొక్కా మీదే పెట్టారు. అత్తయ్య పీట జరుపుకుని దగ్గరికొచ్చింది.

"అమ్మా, నిన్న మా ఆఫీసుకి వచ్చింది మీరేనా? ఈ నంబరు మీదేనా? మాట్లాడొచ్చా?"

ఆయన గుడ్లప్పగించి చూస్తున్నారు. కాదు, పొరపాటు అంటే చాలు. పిల్ల బడి నుంచి వస్తుంది, నేను బట్టలు మడతేస్తాను, శుక్రవారం వేలు చూపించిన చోట సంతకం పెడతాను. ఆ మాట నోటిదాకా వచ్చేసింది కూడా.

"ఈ నంబరు నాది కాదండీ" అన్నాను.

ఆయన భుజాలు దిగాయి. "రాంగ్ నంబరు" అంటూ అత్తయ్య నడుం వాల్చింది. అవతల ఆవిడ, "అలాగా..." అని ఆగిపోయింది. కాలిన వేలు అప్పుడు సలిపింది. పెట్టె స్విచ్చి ఆపేశాను.

"నంబరు కొట్టేయండి. ఫారం మాత్రం నాదే. సంతకం పెట్టలేదు, పెట్టను. పిల్ల బడి వదలగానే దాన్ని వెంటబెట్టుకుని నేనే వస్తాను, తలుపు తీసి ఉంచండి."