జారిపోయే శ్రుతి

తొండుపల్లి రాఘవేందర్ ఎయిర్‌పోర్టులో విమానాలకు సామాన్లు ఎక్కించే పనిలో చేరి పన్నెండేళ్లయింది. ఇంజన్ల హోరు పక్కనే పని. చెవులకు పెట్టుకోమని ఇచ్చిన మఫ్‌లను చెమటకు చిరాకేసి మెడలోకి దించేసుకునేవాడు. ఇంటికొచ్చి గిటార్ పట్టుకుంటే ఆ హోరంతా దిగిపోయేది.

ఆ ఆదివారం పొద్దున మొదటిసారి తనే గిటార్‌కు నైలాన్ తీగలు మార్చాడు. ఇదివరకు ఆ పని స్నేహితుడు కొండల్ చేసి, వారం తర్వాత తెచ్చిచ్చేవాడు. కొండల్ ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాడు. రాఘవేందర్ ఆరు తీగలూ చెవితోనే శ్రుతి చేసి పక్కన పెట్టాడు. అన్నం తినివచ్చి మీటితే ఒక్కటీ సరిగ్గా పలకలేదు. మళ్లీ బిగించాడు. సాయంత్రానికి మళ్లీ దిగాయి. మర్నాడూ అంతే.

అప్పుడు పట్టుకుంది భయం. పొద్దున సరిగ్గా ఉన్న శ్రుతి మధ్యాహ్నానికి తప్పుగా వినబడుతోందంటే పోతున్నది తన చెవే అనుకున్నాడు. తనతో పనిచేసే ముత్తయ్య చెవులు దెబ్బతిని, ఎవరు మాట్లాడినా పెదవులకేసే చూస్తాడు. ఆ చూపు గుర్తొచ్చింది. శ్రుతి చూపించే యాప్ ఫోన్‌లో ఉన్నా, అదేం చెబుతుందోనని తెరవలేదు.

బుధవారం భార్య మంజుల అడిగేసింది. మూడు రోజులుగా ఎందుకు పరేషాన్‌గా తిరుగుతున్నాడని. చెప్పాడు. ఆమె నవ్వలేదు. ఫోన్ తీసుకుని ఆ యాప్ తెరిచి, "నువ్వు చెవితోనే చెయ్యి. నేను చూస్త" అన్నది.

ఒక్కో తీగా చెవితోనే బిగించాడు. ఫోన్ వైపు చూడలేకపోయాడు. ఆరూ బరాబర్ ఉన్నాయన్నది మంజుల. గిటార్‌ను మంచం మీద పెట్టి, పావుగంట తర్వాత తనే మీటింది. శ్రుతి దిగిందన్నట్టు యాప్‌లో ముల్లు ఎడమకు పడిపోయింది.

"నువ్వు ముట్టనే లేదు గదా. జారుతున్నది తీగ, నీ చెవి కాదు."

కొండల్‌కు ఫోన్ చేస్తే, కొత్త నైలాన్ కొన్ని రోజులు సాగుతూనే ఉంటుందన్నాడు. ఒక్కో తీగను వేళ్లతో మెల్లగా లాగి మళ్లీ శ్రుతి చెయ్యాలట. అట్లా రోజుకు నాలుగైదు సార్లు చేస్తే వారానికి కుదురుకుంటుందట. ఇదివరకు గిటార్‌ను తన దగ్గర వారం ఉంచుకునేది అందుకేనట.

రాఘవేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. కానీ భయం పూర్తిగా పోలేదు. శుక్రవారం సెలవు పెట్టి, మంజులతో శంషాబాద్‌లో దవాఖానకు పోయాడు. మూసిన గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట వరసగా నొక్కాడు. తర్వాత నిశ్శబ్దం. అద్దం అవతల పరీక్ష చేస్తున్న అమ్మాయి ఏదో తిప్పుతూనే ఉంది. చప్పుడు మోగుతోందని, అది తనకు అందడం లేదని అతనికి తెలిసిపోయింది. బటన్ మీద బొటనవేలు చెమటతో తడిసిపోయింది.

ఎడమ చెవికి బాగా పైస్థాయి సన్నని శబ్దాలు వినబడటం తగ్గిందన్నాడు డాక్టర్. పోయినవి తిరిగి రావు, హోరు దగ్గర మఫ్‌లు పెట్టుకుని జాగ్రత్తపడితే మిగతావి నిలుస్తాయన్నాడు.

బయటికొచ్చి మంజులకు ఏదీ దాచకుండా చెప్పాడు.  అతని ఎడమ పక్క నడుస్తున్నదల్లా ఆమె కుడి పక్కకు వచ్చి, "ఇగ ఇంటికి పోదాం పా" అన్నది.